ఎవరికీ చెప్పొద్దు: ఒక పాత మోసం పుట్టుపూర్వోత్తరాలు

ముక్కూ మొహం తెలియని వందమందికి, అదీ జైల్లో కూర్చుని, డబ్బు సాయం అడుగుతూ ఉత్తరాలు రాస్తే ఎందరు జవాబిస్తారు? ఒకరో ఇద్దరో అనుకుంటాం. నూటికి ఇరవైమంది తప్పకుండా జవాబిచ్చేవారని యూజీన్ ఫ్రాంస్వా విడోక్ తన స్మృతుల్లో రాశాడు. ఆ లెక్క చెప్పడానికి ఆయనను మించిన అర్హుడు దొరకడు. యవ్వనంలో నేరస్థుడిగా, జైళ్ళ నుంచి పారిపోవడంలో ఆరితేరిన ఖైదీగా బతికి, తర్వాత పోలీసుల పక్షం చేరి, పారిస్ నేరపరిశోధక దళం సూరెతేకి తొలి అధిపతి అయినవాడు. 1828లో వెలువడిన ఆ స్మృతుల్లో, పారిస్ పొలిమేరలోని బిసెత్ర్ జైలు ఖైదీలు నడిపిన ఉత్తరాల వ్యాపారాన్ని నమూనా ఉత్తరంతో సహా బయటపెట్టాడు. దొంగల వాడుకలో వాటి పేరు 'జెరూసలేం ఉత్తరాలు'. టెలిఫోను పుట్టడానికి దశాబ్దాల ముందు, నూటికి ఇరవై! ఆ అంకె వెంట పోతే దారి బిసెత్ర్ నుంచి స్పెయిన్‌కు, అక్కడి నుంచి లాగోస్‌కు, చివరికి మన ఫోన్లలో మోగుతున్న 'డిజిటల్ అరెస్టు' కాల్ దాకా వస్తుంది. ఈ రెండు శతాబ్దాల్లో కథలు మారాయి, సాధనాలు మారాయి, భాషలు మారాయి. మారకుండా నిలిచింది ఒకే షరతు: ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు. సైబర్ నేరం వెనకున్న మనస్తత్వానికి తాళంచెవి ఆ షరతులోనే ఉందని నా వాదన. దురాశ వల్లనో తెలివితక్కువతనం వల్లనో మనుషులు మోసపోతారని లోకం అంటుంది. చరిత్ర మాత్రం మనిషిని ఒంటరిని చేయగలిగిన చోటల్లా మోసం పారిందని చెబుతోంది.

బిసెత్ర్ ఉత్తరం ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చినవన్నీ దాని సంతానమే. అపరిచితుడు సాయం అడుగుతున్నందుకు మీకు ఆశ్చర్యం కలగవచ్చునంటూ వినయంగా మొదలవుతుంది. రాసినవాడు తానొక జమీందారుకు నమ్మిన సేవకుడినని చెప్పుకుంటాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో యజమానితో పాటు దేశం విడిచి పారిపోతుంటే జనం వెంటపడ్డారట. ప్రాణాలు దక్కించుకోవడానికి బంగారు నాణేలు, వజ్రాలు ఉన్న పెట్టెను మీ ఊరి దగ్గరే దాచేయవలసి వచ్చిందట. దాన్ని తీసుకుపోదామని ఇప్పుడు తిరిగొస్తే జైలు పాలయ్యాడట. కాస్త డబ్బు పంపితే పెట్టె ఉన్న చోటు చెప్పగలడట, దొరికినదాంట్లో మీకూ వాటా ఇస్తాడట. విప్లవంలో ప్రభువులు నిజంగానే పారిపోయారు, నగలు నిజంగానే దాచారు, ఆ రోజులు పోయాయని లోలోపల బాధపడేవారు ఊరికొకరు నిజంగానే ఉన్నారు. కథలో తొమ్మిది వంతులు ఆనాటి ఫ్రాన్సు చరిత్రే. పదో వంతు మాత్రమే ఖైదీ కల్పన.

ఆ ఉత్తరాలకు చిరునామాలు దొరికిన తీరు మరీ ఆశ్చర్యం. రాష్ట్రాల నుంచి బిసెత్ర్‌కు కొత్త ఖైదీలు వస్తూనే ఉండేవారు. ప్రతివాడికీ తన ప్రాంతంలో డబ్బున్నవాళ్ళెవరో తెలుసు. పాత ఖైదీలు వారిని కూర్చోబెట్టి పేర్లూ ఊళ్ళూ రాసుకునేవారు. మన ఫోన్ నంబరు, బ్యాంకు పేరు, ఇటీవల కొన్న వస్తువు ఎవరికో ఎలా తెలిశాయని నేడు మనం విస్తుపోతున్నాం. జనాల వివరాలు పోగేసి మోసానికి వాడుకునే వ్యాపారం రెండు వందల ఏళ్ళ కిందట ఒక జైలు గదిలో సక్రమంగా నడిచింది. అవతలివాడికి మన ఊరి పేరు తెలిసి ఉండటమే నమ్మకానికి సగం ఆధారం. అందుకే ఆ పెట్టె ఎప్పుడూ ఉత్తరం అందుకున్నవాడి ఊరి దగ్గరే దాగి ఉండేది.

ఈ ఉత్తరం దేశాలు దాటి 'స్పానిష్ ఖైదీ'గా అవతరించిన కాలం నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం. 1898 మార్చి 20న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ పాత మోసం మళ్ళీ తలెత్తిందని పాఠకులను హెచ్చరించింది. ఉత్తరం రాసే కాగితాన్ని కూడా ఆ విలేకరి వర్ణించాడు. విదేశీ ఉత్తరాలకు వాడే పల్చటి నీలం కాగితం, అడ్డగీతలు, చదువుకున్న విదేశీయుడు రాసినట్టుండే ఇంగ్లీషు, అక్కడక్కడ ఒక అక్షరదోషం, ఒక పరాయి నుడికారం. రాజకీయ నేరం మీద స్పెయిన్ జైల్లో మగ్గుతున్న పెద్దమనిషి రాశాడన్నమాట. అతనికి దిక్కులేని ఒక కూతురు. ఎక్కడో దాచిన భారీ సొమ్ము. మీరు మంచివారని విని, నా బిడ్డను మీ చేతుల్లో పెడుతున్నానంటాడు. సంగతి పొక్కితే తన ప్రాణానికే ముప్పని, గుట్టుగా ఉంచమని వేడుకుంటాడు. ఆ తేదీ గమనించదగ్గది. నెలరోజుల కిందటే హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయింది. మరో నెలకు స్పెయిన్‌తో యుద్ధం మొదలైంది. స్పెయిన్ పాలనలో క్యూబా రాజకీయ ఖైదీల అవస్థలు అమెరికా పత్రికల్లో రోజూ వస్తున్నాయి. ఉదయం పేపర్లో చదివిన దుఃఖమే మధ్యాహ్నం టపాలో తన పేరున వస్తే, చదివినవాడి గుండె కరగడాన్ని మూర్ఖత్వం అనగలమా?

దురాశ సిద్ధాంతం ఇక్కడే తడబడుతుంది. మోసగాళ్ళు తమ గురించి తాము చెప్పుకునే మాట ఒకటుంది: నిజాయితీపరుణ్ణి ఎవరూ మోసం చేయలేరని. అమెరికన్ భాషాశాస్త్రవేత్త డేవిడ్ మారర్ మోసగాళ్ళ వాడుకభాషను సేకరించబోయి, వారి వృత్తి రహస్యాలన్నీ 1940లో 'ది బిగ్ కాన్' పుస్తకంగా రాశాడు. అందులోనూ ఈ వాదన వినిపిస్తుంది. బాధితుడి దొంగబుద్ధే అతన్ని ముంచుతుందని నమ్మితే దొంగకు నిద్ర బాగా పడుతుంది. స్పానిష్ ఖైదీ ఉత్తరంలో సొమ్ము ఆశ ఉన్నమాట నిజమే, కానీ అందులో కూతురెందుకు ఉంది? జాలిపడే హృదయం కోసం. 1849లో న్యూయార్కు వీధుల్లో విలియం థాంప్సన్ అనేవాడు చక్కటి దుస్తుల్లో పెద్దమనుషులను పలకరించి, పాత పరిచయస్థుడిలా మాట కలిపి, రేపటిదాకా మీ గడియారం నా దగ్గర ఉంచే నమ్మకం నా మీద ఉందా అని అడిగేవాడు. వాళ్ళు ఇచ్చేవారు, అతను పోయేవాడు. పట్టుబడినప్పుడు న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక అతనికి పెట్టిన పేరే 'కాన్ఫిడెన్స్ మ్యాన్'. హెర్మన్ మెల్విల్ 1857లో అదే పేరుతో నవల రాశాడు. గడియారం ఇచ్చినవాడికి ఏ లాభం ఆశ చూపారు? ఏమీ లేదు. ఎదుటివాడి మొహాన నిన్ను నమ్మనని అనలేకపోయాడు, అంతే. మర్యాద, జాలి, భయం, ప్రేమ, ఆశ అనే అయిదు తలుపుల్లో దేన్నైనా తట్టవచ్చు. ఏ తలుపు తట్టినా ఇంట్లో ఇంకొకరు పలకకుండా ఉండాలి.

మన దేశపు పాత గ్రంథాల్లోనూ దీనికి విలువైన సాక్ష్యం ఉంది. ఖజానా వట్టిపోయిన రాజు డబ్బు కూడబెట్టే ఉపాయాలు చెబుతూ కౌటిల్యుడు అర్థశాస్త్రంలో, బావిలో అనేక తలల పామును చూపించి జనం దగ్గర కానుకలు వసూలు చేయమంటాడు. నమ్మనివాళ్ళు ఉంటే? తీర్థంలో మత్తుమందు కలిపి ఇచ్చి, వారు స్పృహ తప్పాక అది దేవతల శాపమని చాటమంటాడు. గుంపును మోసం చేయడంలోని చిక్కు ఆ ఒక్క సూచనలో బయటపడింది. గుంపులో సందేహించేవాడు ఒకడైనా ఉంటాడు, వాడి నోరు మూయించాలి. అక్కడి నుంచి ఒక్క అంగలో పంతొమ్మిదో శతాబ్దానికి వస్తే తపాలా వ్యవస్థ చేసిన మేలూ కీడూ అర్థమవుతాయి. ఉత్తరం నేరుగా ఒక మనిషి చేతికి వచ్చింది. సందేహించేవాడిని మత్తులో ముంచే పని తప్పింది. వాడికి చెప్పవద్దని అడిగితే చాలు.

స్పానిష్ ఖైదీ నుంచి నైజీరియా దాకా కథ వేగంగా సాగుతుంది. పశ్చిమాఫ్రికాలో 1920లోనే క్రెంట్సిల్ అనే వ్యక్తి తనను తాను అద్భుతాల ప్రొఫెసరుగా చెప్పుకుంటూ ఉత్తరాలు రాసి, నైజీరియా శిక్షాస్మృతి 419వ సెక్షన్ కింద కేసు ఎదుర్కొన్నాడు. ఇలాంటి మోసాలకు పేరుగా ఆ నంబరు లోకప్రసిద్ధం కావడానికి ఇంకా అరవై ఏళ్ళు పట్టింది. 1980లలో చమురు ధరలు పడిపోయి, చదువుకున్న యువకులకు పనిలేక, సైనిక పాలకుల అవినీతి సొమ్ము గురించి ప్రపంచమంతా చెప్పుకుంటున్నప్పుడు, లాగోస్ నుంచి ఉత్తరాలు, టెలెక్సులు, ఫ్యాక్సులు బయల్దేరాయి. ఈసారి దాచిన సొమ్ము చమురు కాంట్రాక్టులది, జనరళ్ళది. చెప్పొద్దన్న షరతు మాత్రం అదే. ఆ తర్వాత ఈమెయిలు రావడంతో తపాలా బిళ్ళ ఖర్చు కూడా తప్పింది.

ఒంటరితనానికి ఇంత బలం ఉందని ఉత్తరాల చరిత్ర ఒక్కటే చెబితే నమ్మడం కష్టం. మనస్తత్వ శాస్త్రం కూడా అదే చెప్పింది. 1966లో చార్లెస్ హోఫ్లింగ్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగంలో, ఆసుపత్రి వార్డులో ఒంటరిగా డ్యూటీలో ఉన్న నర్సుకు ఎవరో తెలియని డాక్టరు ఫోన్ చేసి ఒక మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. ఆ సీసా మీద గరిష్ఠ మోతాదు 10 అని స్పష్టంగా ఉంది. ఫోన్లో చెబితే మందు ఇవ్వకూడదని నియమమూ ఉంది. అయినా 22 మందిలో 21 మంది మందు తీసుకుని రోగి వైపు నడిచారు. పరిశోధకులు అక్కడే ఆపేశారు. ఇలా జరిగితే మీరేం చేస్తారని విడిగా 12 మంది నర్సులను అడిగితే, పదిమంది ఇవ్వబోమనే అన్నారు. మనం మోసపోమన్న ధీమాకు అంతకన్నా సూటి పరీక్ష లేదు. 1977లో ర్యాంక్, జేకబ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి ప్రయోగమే మళ్ళీ చేశారు. ఈసారి నర్సులకు తెలిసిన మందు వాడారు, తోటివారితో మాట్లాడే వీలు ఉంచారు. 18 మందిలో ఇద్దరే ఇవ్వడానికి సిద్ధపడ్డారు. స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రసిద్ధ ప్రయోగంలోనూ ఇంతే. అధికారి చెప్పాడని ఎదుటివాడికి 450 వోల్టుల దాకా షాకు ఇస్తున్నామనుకుంటూ మీట నొక్కినవారు 40 మందిలో 26 మంది. పక్కన కూర్చున్న ఇద్దరు మేము చేయమని లేచిపోయినప్పుడు చివరిదాకా వెళ్ళినవారు 40లో నలుగురు. బోధనలు చేయలేదు, హెచ్చరికలు చేయలేదు, తెలివితేటలు పెంచలేదు. పక్కన కాదన్న గొంతు ఉంటే చాలు, మనిషి తన వివేకాన్ని తిరిగి తెచ్చుకున్నాడు.

కంప్యూటర్ల కాలంలో ఈ సమస్యను యంత్రాలే తీరుస్తాయని ఆశించారు. హ్యాకరుగా జైలుకు వెళ్ళి తర్వాత భద్రతా సలహాదారుగా మారిన కెవిన్ మిట్నిక్ ఆ ఆశను జీవితాంతం తప్పని చూపించాడు. పన్నెండేళ్ళ వయసులో అతను లాస్ ఏంజలెస్ బస్సు డ్రైవరును, స్కూలు ప్రాజెక్టు కోసమని చెప్పి, టిక్కెట్ల మీద చిల్లు పెట్టే పంచ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. డ్రైవరు ఆనందంగా చెప్పాడు. కుర్రవాడు ఆ పంచ్ కొని ఊరంతా ఉచితంగా తిరిగాడు. 1990ల నడుమ అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఏఓఎల్‌లో ఉద్యోగులమని చెప్పుకుంటూ కొందరు చందాదారుల పాస్‌వర్డులు అడిగి తీసుకునేవారు. చివరికి మా ఉద్యోగులెవరూ పాస్‌వర్డు అడగరని సంస్థ తెర మీద రాయవలసి వచ్చింది. మన బ్యాంకులు ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని పంపే సందేశాలకు పూర్వరూపం అదే. 2000 మే 4న మనీలా నుంచి బయల్దేరిన 'ఐ లవ్ యూ' వైరస్ ఇంకో అడుగు ముందుకేసింది. తెలిసినవాళ్ళ పేరుతో ప్రేమలేఖ వచ్చేది. విండోస్ ఫైలు పేరులోని చివరి మూడక్షరాలు దాచేయడం వల్ల అది మామూలు టెక్స్ట్ ఫైలులా కనిపించేది. తెరవగానే అందరి చిరునామాలకూ తానే వెళ్ళిపోయేది. బ్రిటిష్ పార్లమెంటు సహా ఎన్నో సంస్థలు ఈమెయిలు ఆపేసుకున్నాయి. ఆ ఫైలు తెరిచిన లక్షలమందిలో ఎవరైనా, పక్క కుర్చీలోని వారిని ఇది మీకూ వచ్చిందా అని ముందే అడిగి ఉంటే వాళ్ళ దగ్గరైనా అది ఆగేది.

మోసపోయేవాళ్ళు తెలివితక్కువవాళ్ళనే వాదనకు మద్దతుగా కొందరు 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ రాసిన పత్రాన్ని చూపుతారు. నైజీరియా ఉత్తరాలు అంత అసంబద్ధంగా ఎందుకుంటాయని ఆయన ప్రశ్న. నవ్వుకుని వదిలేసేవాళ్ళను మొదట్లోనే వడగట్టడానికేనని జవాబు. సగం దారిలో వెనుదిరిగేవారి మీద సమయం వృథా కాకూడదు కదా. ఇది పదునైన విశ్లేషణే. అయితే మోసగాడు వడగట్టి పట్టుకునేది తెలివితక్కువవారిని అనుకుంటే పొరపాటు. వెనుదిరగనివారిని పట్టుకుంటున్నాడు. మనిషి వెనుదిరగడానికి చాలాసార్లు కారణం ఇంట్లోవాళ్ళు, స్నేహితుడు, బ్యాంకు గుమాస్తా. అడిగేవారు లేనివారే ఆ జల్లెడలో మిగులుతారు.

దీనికి అన్నింటికన్నా బలమైన రుజువు డిజిటల్ అరెస్టు. ఫోన్ వస్తుంది. మీ పేరున పంపిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయంటారు, లేదా మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో మనీలాండరింగ్ జరిగిందంటారు. కాల్ 'ముంబై పోలీసు'లకు కలుపుతారు. వీడియోలో యూనిఫాం, వెనక జెండా, రాజముద్ర ఉన్న కాగితాలు. కెమెరా ఆపొద్దు, గది దాటొద్దు, భార్యకు గానీ పిల్లలకు గానీ చెబితే వాళ్ళనూ అరెస్టు చేస్తాం. డబ్బు 'తనిఖీ కోసం' ఫలానా ఖాతాకు పంపండి, నిర్దోషులని తేలితే తిరిగి వస్తుంది. 2024లో లూధియానాకు చెందిన 82 ఏళ్ళ ప్రముఖ పారిశ్రామికవేత్త ఇలాగే ఏడు కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. ఆయన కోసం వీడియోలో నకిలీ సుప్రీంకోర్టు విచారణే నడిపించారు. ఇందులో దురాశ ఎక్కడుంది? చదువు లేకపోవడం ఎక్కడుంది? బిసెత్ర్ ఉత్తరంలో జైల్లో ఉన్నది రాసినవాడు, తన విడుదలకు డబ్బు అడిగేవాడు. ఇప్పుడు జైల్లో ఉన్నది ఫోన్ ఎత్తినవాడు, తన విడుదలకు తానే డబ్బు కడుతున్నాడు. రెండు వందల ఏళ్ళలో ఈ మోసంలో జరిగిన అసలైన మార్పు ఇదొక్కటే. ఎవరికీ చెప్పొద్దన్న పాత విన్నపం ఇప్పుడు ఆజ్ఞ అయింది.

పైగా ఆ ఫోను చేస్తున్నవాడు కూడా చాలాసార్లు బందీయే. ఆగ్నేయాసియా మోసాల కేంద్రాల్లో బలవంతంగా పనిచేయిస్తున్నవారు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో లక్ష మంది దాకా ఉంటారని 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్ళిన ఉత్తరాంధ్ర యువకులను అక్కడ నిర్బంధించి సాటి భారతీయులను మోసం చేయించిన వైనాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. పాస్‌పోర్టు లాక్కుని, అయినవాళ్ళకు దూరం చేసి, గదిలో పెట్టడమే ఆ యువకుల మీద జరిగిన మొదటి నేరం. వారి చేత చేయించిన రెండో నేరమూ, ఇంకొకరిని గదిలో ఒంటరిగా బంధించడమే.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. కలిసి మోసపోయినవాళ్ళు లేరా? అగ్రిగోల్డ్ డిపాజిట్ల మోసంలో లక్షలాది డిపాజిటర్లు బంధువులు చెబితే, ఊరివాళ్ళు కడితే తామూ కట్టారు కదా? నిజమే. అక్కడ చుట్టూ మనుషులున్నారు గానీ, అందరి నోటా ఒకే మాట ఉంది. ఏజెంటు కూడా మన బావమరిదే. కౌటిల్యుడు చెప్పిన గుంపు అది, కాదనేవాడు లేని గుంపు. అంటే మనిషిని కాపాడేది పక్కన మనుషులుండటం ఒక్కటే కాదు, ఆ కథలో వాటా లేని మనిషి ఒకరుండటం. ఒకప్పుడు అలాంటివారు మన చుట్టూ అడుగడుగునా ఉండేవారు. డబ్బు తీయాలంటే బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం నింపి, టోకెన్ పుచ్చుకుని, క్యాషియరు పిలిచేదాకా బల్ల మీద కూర్చోవలసి వచ్చేది. ఇంత డబ్బు ఒక్కసారే ఎందుకమ్మా అని ఆ క్యాషియరు అడిగేవాడు. ఇంటికి మనీయార్డరు తెచ్చే పోస్టుమ్యాను ఆరా తీసేవాడు. అది విసుగే, కొన్నిసార్లు చొరబాటే. ఆ విసుగును తొలగించి, క్షణంలో డబ్బు పంపే సౌకర్యం తెచ్చుకున్నాం. ఆ సౌకర్యం వదులుకోమని నేను అనను. దానితో పాటు పోయిన ప్రశ్నను మాత్రం తిరిగి తెచ్చుకోవాలంటాను. మోసమని అనుమానం వస్తే చెల్లింపును 72 గంటల దాకా ఆపే అధికారాన్ని బ్రిటన్ 2024 అక్టోబరు నుంచి బ్యాంకులకు ఇచ్చింది. పెద్దవాళ్ళు తమ డబ్బు తాము ఖర్చు చేసుకుంటే బ్యాంకు ఎవరు ఆపడానికి అంటారు కొందరు. ఆ హక్కును నేనూ గౌరవిస్తాను. అయితే భయంతో వణుకుతూ, ఎవరో చెప్పిన అంకె టైపు చేస్తున్న మనిషి ఆ క్షణంలో తన ఇష్టం మేరకు ఖర్చు చేయడం లేదు. మూడు రోజుల గడువు అతని స్వేచ్ఛను తిరిగి ఇస్తుంది.

2024లో సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. మోసపోయినవారిని వెక్కిరించినంతకాలం ఈ అంకె తగ్గదు, ఎందుకంటే ఆ వెక్కిరింతే వారి నోరు మూయించి మోసగాడి పని సుళువు చేస్తుంది. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ, ఏ కోర్టూ వీడియో కాల్లో అరెస్టు చేయదు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఓటీపీ గురించి ఎంత చెప్పినా సరే, దానికి ముందు ఒక్క మాట చెప్పండి: ఎవరికీ చెప్పవద్దని ఎవరైనా అంటే ఫోను పెట్టేసి, ముందు నాకు చెప్పండి, నేను తిట్టను. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.